గుండుతో మందిరానికి

బాప్తిస్మం తీసుకున్న రోజు నా జంధ్యాన్ని ప్యాంటు జేబులో పెట్టుకున్నాను. ఇంకేం చేయాలో తోచలేదు. "రేపు నీళ్ళలో దిగేటప్పుడు ఆ దారం ఒంటి మీద ఉండకూడదు బ్రదర్" అని పాస్టరుగారు ముందురోజే చెప్పారు. తీయమన్నారు గానీ తీసి ఏం చేయాలో చెప్పలేదు. మా ఇళ్ళలో పాత జంధ్యాన్ని నీళ్ళలో వదులుతారు, లేకపోతే చెట్టు మీద వేస్తారు. కాళ్ళ కింద మాత్రం పడనివ్వరు. ఎదురుగా వాడరేవు సముద్రమే ఉంది, వదిలేయొచ్చు. కానీ అట్టా వదిలితే మళ్ళీ మా పద్ధతి ప్రకారం చేసినట్టే అవుతుందేమోనని అనుమానం. అందుకని జేబులో కుక్కాను. రెండోరోజు ఉతకడానికి తీసిన ప్యాంటులో అమ్మకు దొరికింది. అరుస్తుందనుకున్నాను. రెండు వేళ్ళతో పట్టుకుని చూసింది. పెరట్లో తులసికోట మీద పెట్టి వచ్చి ప్యాంటు నానబెట్టింది. ఆ రోజు కూరలో ఉప్పు మరిచిపోయింది, అంతే.

ఇది 2014 సంగతి. మాది చీరాల పక్కన జాండ్రపేట. పద్మశాలీలం. నా చిన్నప్పుడు ఇంట్లో గుంటమగ్గం ఉండేది, నాన్న నేసేవాడు, అమ్మ కండెలు చుట్టేది. నేనూ పదో తరగతి దాకా బడి నుంచి రాగానే కాళ్ళు గుంటలో పెట్టినవాణ్ణే. తరవాత లెక్కలు బాగా వచ్చని ఒక బట్టల షావుకారు దగ్గర గుమస్తాగా చేరాను, ఇప్పటికీ అదే పని. శ్రావణ పున్నమిని ఊళ్ళో రాఖీ పండగ అంటారు, మాకు నూలు పున్నమి. ఆ రోజు కొత్త జంధ్యం. దారం తీసేది మేము, నేసేది మేము, వేసుకునేది మేము. అందుకే మావాళ్ళకి అది దేవుడి కంటే దగ్గరి వస్తువు.

ఎందుకు మారానన్నది వేరే కథ. దాన్ని మందిరంలో సాక్ష్యం అంటారు, చాలాసార్లు చెప్పాను, ఇక్కడ చెప్పను. మారాక ఏం వదిలాను, ఏం వదల్లేకపోయాను, ఎవరెవరు ఎక్కడెక్కడ గీత గీశారు అన్నది ఎవరూ రాయగా నేను చూడలేదు. అందుకని రాస్తున్నాను.

బాప్తిస్మానికి ముందు ఆరు వారాలు తరగతులు పెట్టారు. మొదటి అయిదు వారాలు పాపం, పశ్చాత్తాపం, మారుమనసు. ఆరోవారం అన్యాచారాలు. బొట్టు, జంధ్యం, ప్రసాదం, ముహూర్తం, దిష్టి తీయడం, జాతర చందా, తద్దినం, అన్నీ ఒకే మాటలో ఇమిడిపోయాయి. వినేటప్పుడు తేలిగ్గానే ఉంది. రాసుకున్నాను కూడా. ఇంటికి వచ్చి ఆ కాగితం చూస్తే అందులో కొన్ని దేవుడికి చేసేవి, కొన్ని మనుషులకు చేసేవి, కొన్ని ఎవరికి చేస్తామో మాకే తెలియనివి.

బొట్టు తేలిగ్గా పోయింది. నేను ఎప్పుడూ పెట్టుకున్నవాణ్ణి కాదు. మా ఆవిడ నాకంటే ఏడాది ముందే ప్రార్థన కూటాలకు వెళ్తోంది, తనే ఒక ఆదివారం తీసేసింది. ఆమె దగ్గర ఇబ్బంది వచ్చింది మంగళసూత్రాల మీద. లూథరన్ల పెళ్ళిళ్ళలో, కతోలికుల పెళ్ళిళ్ళలో సిలువ గుర్తుతో సూత్రాలు కట్టడం మేము చూసిందే. మా మందిరం అంతకంటే గట్టిది, ఉంగరం తప్ప ఇంకేమీ ఒప్పుకోరు. పాస్టరమ్మగారు రెండుమూడు సార్లు మెల్లగా చెప్పి చూశారు. మా ఆవిడ ఒకటే మాట అంది: "ఇది గుడిలో దేవుడు కట్టింది కాదమ్మా, ఈయన కట్టాడు. ఈయన మారాడుగా, ఇదీ మారినట్టే." ఆ తరవాత ఎవరూ అడగలేదు.

కొట్లో పరిస్థితి వేరు. మా షావుకారు మంచివాడు, భక్తిపరుడు. శుక్రవారం శుక్రవారం లక్ష్మీదేవి పటానికి పూజ చేసి అందరికీ కొబ్బరిముక్క, పులిహోర పెడతాడు. కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో ఈ సంగతే ఉంది. అంగట్లో అమ్మేది ఏమీ అడక్కుండా తినండి, ఇది విగ్రహాలకు అర్పించిందని ఎవరైనా చెబితే మాత్రం, చెప్పినవాడి మనస్సాక్షి కోసం మానేయండి అంటాడు పౌలు. చాలా తెలివైన ఏర్పాటే. కానీ పౌలుకు మా షావుకారు తెలియదు. ఆయన చెప్పకుండా పెట్టడు. "ప్రసాదం తీసుకోవయ్యా" అనే పెడతాడు. మొదట్లో చేతిలోకి తీసుకుని, బయటికి వచ్చి రిక్షా తాతకు ఇచ్చేవాణ్ణి. ఒకరోజు షావుకారు చూశాడు. ఏమీ అనలేదు గానీ పైవారం నా దాకా వచ్చేసరికి పళ్ళెం పక్కకి తిప్పాడు. అది నాకు పులిహోర తిన్నదానికంటే ఎక్కువ బాధ పెట్టింది. ఇప్పుడు శుక్రవారం నాకు మాత్రం విడిగా అరటిపండు తెప్పిస్తాడు. దేవుడికి పెట్టనిది. పదేళ్ళుగా నడుస్తోంది.

కొత్త చిట్టాల సంగతి దాని కంటే కష్టం. కొత్త పుస్తకం తెరిచేటప్పుడు నాలుగు మూలలా పసుపు పెట్టి, కుంకుమ అద్ది, మొదటి పేజీలో 'శ్రీ' రాయాలి. రాసేది గుమస్తా, అంటే నేను. నెలరోజుల ముందునుంచే కడుపులో దిగులు. అప్పుడు బైబిల్లో నయమాను నాకు దొరికాడు, రెండో రాజుల గ్రంథం అయిదో అధ్యాయంలో. సిరియా సేనాపతి. కుష్టు నయమయ్యాక ఇక మీ దేవుడికే మొక్కుతానని ఎలీషాతో అంటాడు. అంటూనే ఒక మినహాయింపు అడుగుతాడు: మా రాజు రిమ్మోను గుడికి వెళ్ళేటప్పుడు నా చేతి మీద ఆనుకుంటాడు, ఆయన వంగితే నేనూ వంగాలి, దాన్ని మీ దేవుడు క్షమించాలి అని. ఎలీషా కుదరదనలేదు, నెమ్మదిగా పొమ్మన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. పాస్టరుగారి దగ్గరికి పరిగెత్తాను. "అది పాత నిబంధన బ్రదర్" అన్నారు. యేసుకు ముందటి భాగం, మనకు అది లెక్కకు రాదని ఆయన భావం. షావుకారుకే సంగతి చెప్పేశాను. ఆయన కాసేపు నన్ను చూసి, "శ్రీ మా అబ్బాయి రాస్తాళ్ళే, లెక్కలు నువ్వు తప్పకుండా రాయి" అన్నాడు.

కొట్లోనే సేల్స్‌లో ఒకాయన ఉండేవాడు, ఫిరంగిపురం కతోలికుడు. వాళ్ళవి తరతరాల క్రైస్తవ కుటుంబాలు. కులం పోలేదు, పెళ్ళిలో పసుపు పోలేదు, ఆషాఢంలో పెళ్ళి పెట్టుకోరు. నేను జంధ్యం తీసిన సంగతి విని నవ్వాడు. "నువ్వు నాలుగొందల ఏళ్ళు ఆలస్యంగా పుట్టావు" అన్నాడు. రాబర్ట్ డి నోబిలి సంగతి నాకు చెప్పింది ఆయనే. ఇటలీ నుంచి వచ్చిన జెస్యూట్ (అదొక కతోలిక సన్న్యాసుల సంఘం) స్వామి, 1606లో మదురైలో అడుగుపెట్టాడు. కాషాయం కట్టి, మాంసం మాని, తమిళం, సంస్కృతం నేర్చుకున్నాడు. తెలుగు కూడా. తత్త్వబోధకుడని పేరు తెచ్చుకున్నాడు. ఆయన దగ్గర మారిన బ్రాహ్మణులు జంధ్యం, పిలక, గంధం ఉంచుకోవచ్చా అని తోటి పాదిరీలే గొడవకు దిగారు. గొడవ గోవా దాటి రోముకు పోయింది. అవి కులానికి, మర్యాదకు గుర్తులు గానీ పూజ కాదని ఆయన వాదన. 1623లో పోపు పదిహేనో గ్రెగొరీ అందులో మూఢనమ్మకం కలవనంత వరకు ఉంచుకోవచ్చన్నాడు. ఆ శతాబ్దం దాటాక ఫ్రెంచి జెస్యూట్లు పుంగనూరు మీదుగా మన తెలుగు ఊళ్ళలోకి కూడా సన్న్యాసుల వేషంలోనే వచ్చారు. తరవాత రోము మళ్ళీ బిగించింది, 1744లో చాలావాటిని ఆపింది. ఇదంతా విని నాకు కోపం వచ్చింది. నా జంధ్యం గురించి ఒక పోపు ఉత్తరువు ఇచ్చి ఉంటే, దాన్ని నేను జేబులో కుక్కుకుని తిరగడం ఏంది?

ఈ కోపాన్ని తీసుకెళ్ళి మా మందిరంలో మాస్టారు ముందు పెట్టాను. ఆయన సంఘ పెద్ద, రిటైరైన హైస్కూలు టీచరు, ఒంగోలు వైపు ఊరు, మాదిగ కుటుంబం. వాళ్ళ ముత్తాత గుండ్లకమ్మలో బాప్తిస్మం తీసుకున్నవాడు. ఆ కథ ఆయన ఎన్నిసార్లు చెప్పినా కొత్తగా ఉంటుంది. 1876 నుంచి 78 దాకా పెద్ద కరువు. ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హాం కాలవలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు పట్టి జనానికి కూలి ఇప్పించాడు. కానీ కరువు ఉన్నన్నాళ్ళూ ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు, అన్నం కోసం వచ్చారన్న మాట పడకూడదని. కరువు తగ్గాక ఆపలేకపోయాడు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది గుండ్లకమ్మలో దిగారు. వాళ్ళకు దొర పెట్టిన నియమాలు మూడు: ఆదివారం పని చేయొద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు.

"వినడానికి మూడే," అన్నారు మాస్టారు. "మూడోదాంట్లో మా డప్పు ఉంది. జాతరకు, అమ్మవారి ఊరేగింపుకు డప్పు కొట్టాల్సింది మావాళ్ళే. ఇక కొట్టం అని చెప్పేసరికి ఊరు ఊరంతా మీద పడింది. పని పోయింది, గింజలు ఆగిపోయాయి, బావి దగ్గర తగువులు. మా ముత్తాత వదిలింది ఒక దేవత పూజ కాదయ్యా, వెట్టి. అందుకే మాకు వదిలేయడం అంటే పండగ. నీకేమో అది నష్టంలాగా ఉంది, ఎందుకంటే నీ భుజం మీద ఉన్నది గౌరవం." కాసేపాగి, "మీ జంధ్యం మీద గోవా నుంచి రోము దాకా ఉత్తరాలు నడిచాయి. మా డప్పు మీద ఏ పోపుకూ ఎవడూ ఉత్తరం రాయలా" అన్నారు, నవ్వుతూనే. నా కోపం దిగిపోయింది. జంధ్యం గురించి ఆ తరవాత నేను ఎవరితోనూ వాదించలేదు.

2018 డిసెంబరులో నాన్న పోయాడు. మార్గశిరం, చలి. రాత్రి రెండింటికి తమ్ముడు ఫోను చేశాడు.

తండ్రికి పెద్దకొడుకు, తల్లికి చిన్నకొడుకు. తలకొరివి నాది. బాబాయి కుండ తెచ్చి నా ముందు పెట్టేదాకా ఎవరూ నన్ను ఏమీ అడగలేదు, నేనూ చెప్పలేదు. నాలుగేళ్ళుగా అందరికీ తెలిసిందే, అయినా ఆ పొద్దున అందరూ తెలియనట్టు ఉన్నారు. నేను కుండ వంక చూస్తూ నిలబడ్డాను. పాస్టరుగారు రాత్రే ఫోనులో చెప్పారు: "పాడె మోయొచ్చు, ఏడవొచ్చు, మంత్రం జరిగే చోట కర్తగా కూర్చోవద్దు." ఆ మాట నాకు అప్పుడు సబబుగానే తోచింది, ఇప్పటికీ తోస్తుంది. నమ్మనిదాన్ని నాన్న పేరు మీద నటించకూడదు. కానీ ఆ వాక్యాన్ని అక్కడ, ఆ ముసలాయన ముందు, ఏ మాటల్లో చెప్పాలి? నేను నోరు తెరిచేలోపే తమ్ముడు వంగి కుండ ఎత్తుకున్నాడు. "అన్నకు నడుము నొప్పి బాబాయ్, నేను పట్టుకుంటా" అన్నాడు. నాకు నడుము నొప్పి లేదు. పాడె ముందు కొమ్ము నేనే మోశాను.

ఆ తొమ్మిది రోజులూ నేను ఇంట్లోనే ఉన్నాను. పిండం దగ్గర కూర్చోలేదు గానీ అంతకు ముందు చేయాల్సినవన్నీ, బియ్యం, దొప్పలు, పంతులుగారి ఆటో, నేనే చూశాను. మేనత్త రోజుకోసారి ఏడ్చేది. నాన్న పోయినందుకో నేను కూర్చోనందుకో తెలిసేది కాదు. పదోరోజు వాడరేవు వెళ్ళాం. మంగలి రాములన్న తమ్ముణ్ణి కూర్చోబెట్టి నీళ్ళు చల్లి కత్తి పెట్టాడు. వాడు ఒక్కడే ఇసుకలో తల వంచుకుని కూర్చున్నాడు. నాకంటే ఎనిమిదేళ్ళు చిన్న. తల సగం అయ్యాక రాములన్న నా వైపు చూశాడు. అడగలేదు, చూశాడు. వెళ్ళి తమ్ముడి పక్కన కూర్చున్నాను. ఏ దేవుణ్ణీ తలుచుకోలేదు, ఏ మంత్రమూ అనలేదు. వాడు ఒక్కడే గుండుతో ఇంటికి రావడం నాకు చూడాలనిపించలేదు.

మూడోరోజు ఆదివారం. నెలలో మొదటి ఆదివారం, అంటే బల్ల ఉన్న రోజు, ప్రభువు పేరు మీద రొట్టె, ద్రాక్షరసం పంచే రోజు. తలకు తువ్వాలు చుట్టుకుందామా అని మా ఆవిడ అడిగింది, వద్దన్నాను. మందిరంలో అడుగు పెట్టేసరికి పాట ఒక్కక్షణం నెమ్మదించినట్టు అనిపించింది. నా ఊహే అయ్యుండొచ్చు. ఆరాధన అయ్యాక బల్లకు ముందు ఒక పెద్ద వచ్చి చెవిలో, "ఇవాళ మీరు ఆగితే మంచిది" అన్నాడు. రొట్టె పళ్ళెం నా బెంచీ దాకా వచ్చి దాటిపోయింది. షావుకారు పళ్ళెం తిప్పింది గుర్తొచ్చింది.

ఆ వారమే సంఘ పెద్దలు కూర్చున్నారు. పాస్టరుగారు ద్వితీయోపదేశ కాండం పద్నాలుగో అధ్యాయం తెరిచారు: చచ్చినవారి కోసం ఒళ్ళు కోసుకోవద్దు, కనుబొమల మధ్య బోడి చేసుకోవద్దు. "గుండు ఎవరికి ఇచ్చావు బ్రదర్?" అని అడిగారు. ఎవరికీ ఇవ్వలేదన్నాను. "ఇవ్వకపోతే జుట్టు ఎక్కడికి పోయింది?" అన్నాడొక పెద్దాయన. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది, ఆరోజు రాలేదు. మాస్టారు అప్పటిదాకా మాట్లాడలేదు. యోబు గ్రంథం మొదటి అధ్యాయం తీసి చదివారు. బిడ్డలందరూ పోయారని వినగానే యోబు పైవస్త్రం చింపుకుని, తల గొరిగించుకుని, నేల మీద పడి దేవుడికే మొక్కాడు. "యోబును బల్ల నుంచి ఆపుదామా?" అన్నారు. పాస్టరుగారు "అది పాత..." అని మొదలుపెట్టి ఆగిపోయారు, ద్వితీయోపదేశకాండం ఆయన ఒళ్ళోనే తెరిచి ఉంది, అదీ పాత నిబంధనే. అయినా నన్ను మూడునెలలు ఆపారు. చూసినవాళ్ళు తప్పుగా అనుకుంటారు కాబట్టి. బలహీనుల మనస్సాక్షి కోసం. ఇది కూడా పౌలు మాటే, కాదనలేను.

మూడు నెలలూ ప్రతి ఆదివారం వెళ్ళాను. జుట్టు వేలెడు పెరిగింది. వెనక బెంచీలో కూర్చుని మందిరాన్ని చూడటం అలవాటైంది, చూస్తే చాలా కనిపించాయి. ముహూర్తాలు అన్యాచారమే, కానీ మంగళవారం పెళ్ళి పెట్టుకున్నవాణ్ణి మా సంఘంలో ఒక్కణ్ణీ చూడలేదు. నిమ్మకాయ, మిరపకాయలు కట్టరు, ప్రార్థన చేసిన నూనెను గుమ్మానికి రాస్తారు. ఆడపిల్ల పెద్దమనిషి అయితే ఓణీల ఫంక్షన్ జరుగుతుంది, బ్యానరు మీద వాక్యం ఉంటుంది, కృతజ్ఞతా కూటమని పేరు. గృహప్రవేశం గృహప్రతిష్ఠ అయింది. వీటిని తప్పు పట్టడానికి చెప్పడం లేదు. మనిషి పాత ఇంటి గుమ్మం పీకి తెచ్చి కొత్త ఇంటికి పెట్టుకుంటాడు, నేనూ అంతే. పేరు మార్చుకున్నవాళ్ళకు బల్ల అందింది, నా గుండుకు మార్చుకోవడానికి వేరే పేరు లేకపోయింది.

ఇంకొకటి కూడా కనిపించింది. మా యువకుల్లో సగంమంది ప్రతి ఆదివారం గిటారు వాయిస్తారు, ప్రార్థన చేస్తారు, బాప్తిస్మం మాత్రం తీసుకోరు. ఉద్యోగం వచ్చేదాకా ఆగుతున్నారు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకే. సిక్కులను 1956లో, బౌద్ధులను 1990లో కలిపారు, క్రైస్తవులను కలపలేదు. మన రాష్ట్రంలో మారిన ఎస్సీలను బీసీ-సీ కింద లెక్కేస్తారు. కాబట్టి ఆదివారం ఒకటి, కాగితం మీద ఒకటి. నా గుండును ప్రశ్నించిన పెద్దల ఇళ్ళలోనూ ఈ కాగితాలు ఉన్నాయి, దాని గురించి ఎవరూ కూటం పెట్టలేదు. మాస్టారు మాత్రం దాచలేదు: "మా తాతలు దేవుణ్ణి మార్చుకున్నారు, ఊరు మమ్మల్ని మార్చి చూడలా. మరి కాగితం ఎందుకు మార్చాలంటాడు మా మనవడు. ఏం చెప్పను?" 2024 నవంబరు 26న సుప్రీంకోర్టు పుదుచ్చేరి యువతి ఒకామె కేసులో, బాప్తిస్మం తీసుకుని చర్చికి వెళ్తూ ఉద్యోగం కోసం హిందువునంటే కుదరదని తీర్పు ఇచ్చింది. ఆ వారం మాస్టారు మందిరానికి రాలేదు.

ఆ మూడునెలల్లోనే ఫిరంగిపురం మిత్రుడు నన్ను గుణదల రమ్మన్నాడు. ఫిబ్రవరి 9 నుంచి 11 దాకా మేరీమాత ఉత్సవాలు. "అక్కడ నీ గుండు ఎవరికీ కనపడదు, వందమందిలో ఒకటి" అన్నాడు. వెళ్ళాను. నిజమే. కొండ కింద తలనీలాలు ఇస్తున్నారు, కొబ్బరికాయలు, కొవ్వొత్తులు, పిల్లల్ని భుజాన వేసుకుని మెట్లెక్కే జనం, అందులో బొట్టున్నవాళ్ళు సగం. నాకు అక్కడ ఊపిరి ఆడింది గానీ మనసు కుదరలేదు. ఇదైతే మా తిరపతి పద్ధతే, దీనికోసం నేను ఇల్లు మారాల్సిన పనిలేదు అనిపించింది. మిత్రుడితో అన్నాను కూడా, చిన్నబుచ్చుకున్నాడు. బస్సులో తిరిగొస్తూ చైనా సంగతి చెప్పాడు. అక్కడ మారినవాళ్ళు చనిపోయిన పెద్దల పేరు రాసిన పలకల ముందు వంగి నమస్కారం చేయొచ్చా లేదా అని పాదిరీలు తరాల తరబడి కొట్టుకున్నారట. 1742లో రోము ఖాయంగా వద్దంది. 1939లో అది పూజ కాదు మర్యాదే, చేసుకోవచ్చు అంది. గుమస్తాని కదా, బస్సులోనే తీసివేత చేశాను: 197 ఏళ్ళు. నాకు మూడు నెలలే పడింది.

తద్దినం మాత్రం తేలలేదు. మొదటి ఏడాది తమ్ముడి ఇంటికి వెళ్ళాను, తినకుండా వచ్చేశాను. మేనత్త గుమ్మం దాకా వచ్చి, "మీ నాన్న ఇంట్లో మెతుకు ముట్టవుట్రా పెద్దోడా" అంది. నవంబరు 2 సమాధుల పండగకు మేం శ్మశానానికి వెళ్ళి సున్నం కొట్టి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించి పాటలు పాడతాం. మావాళ్ళలో కొందరు పోయినవాళ్ళకు ఇష్టమైన పలహారం కూడా తెచ్చి అక్కడే పంచుతారు. నాన్నకు సమాధి లేదు, సముద్రంలో కలిపాం. నేను కొవ్వొత్తి ఎక్కడ పెట్టాలి? ఈ ప్రశ్న పాస్టరుగారిని అడిగాను. ఆయన చాలాసేపు ఆలోచించారు, అందుకు ఆయన మీద గౌరవం పెరిగింది. "పిండం ముట్టకు. పోయినవాడి ఆత్మకు నీ అన్నంతో పని లేదు. మిగతాది నువ్వు, ప్రభువు" అన్నారు.

రెండో ఏడు నుంచి ఒక పద్ధతి పడింది. ముందురోజు సాయంత్రం కూరగాయలు, అరిటాకులు, నాన్నకు ఇష్టమైన కందగడ్డ నేనే కొని తీసుకెళ్తాను. పొద్దున పంతులుగారు ఉన్నంతసేపు నేను కొట్లో ఉంటాను. మధ్యాహ్నం ఒంటిగంటకు వెళ్ళి తమ్ముడి పక్కన కూర్చుని తింటాను. అది విగ్రహానికి పెట్టింది కాదు, మా నాన్నకు పెట్టింది, నాన్న తినలేదు కాబట్టి మేం తింటున్నాం అనుకుంటాను. వేదాంతపరంగా ఇది నిలవదని నాకు తెలుసు. మాస్టారుకు చెబితే చెవికి చేయి అడ్డం పెట్టుకుని, "ఈ మధ్య నాకు సరిగా వినపడటం లేదయ్యా" అన్నారు.

అమ్మ ఇప్పుడు మా దగ్గరే ఉంటోంది. వంటగదిలో తూర్పు గోడ అల్మరా ఆమెది, మార్కండేయ స్వామి పటం, దీపం. ఇంట్లో పటం ఉండటం మీద మొదట్లో మందిరంలో మాట వచ్చింది. అది అమ్మ నమ్మకం, నా ఇంట్లో ఉన్నంత మాత్రాన నాది కాదన్నాను. దీపంలో నూనె అయిపోతే తెచ్చేది నేనే. పోయిన నూలు పున్నమికి తమ్ముడు కొత్త జంధ్యం వేసుకుని అమ్మకు దండం పెట్టడానికి వచ్చాడు. వాడు వెళ్ళాక అమ్మ మంచం మీద కూర్చుని తమలపాకుకు సున్నం రాస్తూ, ఉన్నట్టుండి అంది:

"నాకు నువ్వు దిగులు పెట్టుకోబాక. అమ్మకు చిన్నోడేగా కొరివి పెట్టేది. నీకు ఆ తిప్పలు లేవు."

నేను ఏమీ అనలేదు. ఆకు మడిచి నోట్లో పెట్టుకుంది.

"గుండు మాత్రం ఇద్దరూ చేయించుకోండి. వాడొక్కడికే అయితే బాగుండదు."